అమ్ములపొది నింపినవాని ధర్మము

అర్జునుని అమ్ములపొదులు రెండును అక్షయములు. ఖాండవవనమును దహింపగోరిన అగ్నిదేవుడు వరుణుని ప్రార్థించి, గాండీవముతోపాటు వానిని తెప్పించి యిచ్చెనని భారతము చెప్పుచున్నది. ఎన్ని తీసినను తరుగని తూణీరములు గలవానికి బాణములెక్కడనుండి వచ్చుచున్నవను చింత పుట్టుటకు అవకాశమే లేదు. కురుక్షేత్రమున ఉభయసేనల నడుమ రథము నిలిపించి, విల్లు జారవిడిచినపుడు అతడు తన బాణములకు గురి కాబోవువారిని చూచి దుఃఖించెనేగాని, ఈ వధకు వలసిన సామగ్రిని సమకూర్చినవారికి ఇందు పాలెంత యని అడుగలేదు. అడుగనందున భగవానుడును చెప్పలేదు. గీతయందలి ఉపదేశమంతయు వింటినారిని లాగు వ్రేలికొరకు పుట్టినది. ఆ నారిని పేనినవానికి, ములుకులను సాగగొట్టినవానికి, వానిని లెక్కపెట్టి బండ్లకెత్తించినవానికి, ఏనుగులకు మేత కొలిపించినవానికి వేరుగా ఒక గీత కావలయునా, లేక అర్జునునికి చెప్పినదే వారికిని చాలునా యనునది నేనిచ్చట విచారింపదలచిన ప్రశ్న.

అక్షౌహిణి యనగా 21,870 రథములు, అన్నియే ఏనుగులు, 65,610 గుఱ్ఱములు, 1,09,350 మంది కాల్బలము; అట్టివి పదునెనిమిది. కవి చెప్పిన లెక్కను అతిశయోక్తిగా నెంచి పదియవవంతునకు దించుకొన్నను, ఆ పశువులకు పదునెనిమిది దినములు గడ్డియు నీరును అందించుట ఏ దివ్యాస్త్రముచేతను నెరవేరు కార్యము కాదు. వ్యాసుడు దీనిని ఎరుగనివాడు కాడు. ఉద్యోగపర్వమున ధర్మరాజు హిరణ్వతీతీరమున దండు దిగినపుడు, ధృష్టద్యుమ్నుడును సాత్యకియు శిబిరభూమిని కొలిపించుటయు, కృష్ణుడు అగడ్త త్రవ్వించుటయు, గుడారము గుడారమునను వింటినారులు, ధనుస్సులు, కవచములు, తేనె, నేయి, గుగ్గిలము, గడ్డి, ఊక, బొగ్గులు కుప్పలుగా పోయించుటయు, జీతములు పుచ్చుకొన్న శిల్పులును పరికరములతో గూడిన వైద్యులును సిద్ధముగా నుండుటయు అతడు వర్ణించెను. ఊకను బొగ్గును సయితము మరువని ఆ మహాకవి, వాని లెక్క వ్రాసినవాని పేరు మాత్రము చెప్పక ముందుకు సాగిపోయెను.

కవి విడిచిన చోటును జనులు తమ కథతో పూరించుకొనిరి. ఉడిపి రాజు ఉభయపక్షములలో దేనిలోను చేరనొల్లక, ఇరుసేనలకును అన్నము వండి పెట్టుటకు కృష్ణుని యనుమతి పొందెననియు, పదునెనిమిది దినములలో ఏనాడును అన్నము చాలకపోవుటగాని మిగిలి పారవేయుటగాని లేకుండెననియు, ఇదెట్లు సాధ్యమయ్యెనని యుద్ధానంతరమున ధర్మరాజు అడుగగా, ప్రతిరాత్రియు కృష్ణుడు ఆరగించు వేరుసెనగ గింజలను లెక్కించి, ఎన్ని గింజలు తరిగిన అన్నివేలమంది మరునాడు కూలుదురని గ్రహించి, ఆ మేరకు బియ్యము తగ్గించుచు వచ్చితినని అతడు చెప్పెననియు ఆ గాథ. ఇది వ్యాసభారతమున లేదు. వేరుసెనగ అమెరికా ఖండమునుండి వచ్చిన పంట గావున కథ యొక్క వయస్సును ఆ గింజలే చెప్పుచున్నవి. అది యట్లుండ, వినువారు దీనిని రాజు యొక్క భక్తికిని పొదుపునకును దృష్టాంతముగా గ్రహించి సంతోషింతురు. నాకు మాత్రము ఇది విన్నప్పుడెల్ల ఒడలు జలదరించును. రేపు చావబోవువారి సంఖ్యను నేటిరాత్రియే ఎరిగి, ఆ యెరుకతో బియ్యము కొలిచి, ఎవరికిని చెప్పక, వారందరికిని నేటి భోజనమును ఆదరముతో వడ్డించినవాని మనస్సు ఎట్టిది? కథలోని అద్భుతమును తొలగించి చూచినచో, ప్రతిసేనయందును రస్తు చూచు అధికారి చేయుచున్నది ఇదియే. ఇన్ని దినముల పోరునకు ఇన్ని తూటాలు, ఇన్ని కట్టుగుడ్డలు, ఇన్ని మందుసీసాలు, ఇన్ని దుప్పట్లు కావలయునని అతడు వ్రాయు ఇండెంటులో, ఇందరు చత్తురు, ఇందరు గాయపడుదురు అను అంచనా అణగియుండక తప్పదు. సేనాపతి జయమును ఊహించుకొనవచ్చును. కొట్టు చూచువాడు క్షతగాత్రులను ఊహింపవలయును, ఊహింపలేనిచో వాడు ఆ పనికే తగనివాడు.

మన ధర్మశాస్త్రములు ఈ విషయమున మౌనము వహింపలేదు గాని, వాని మాటలు ఒకదానితో నొకటి పొసగించుట కష్టము. మాంసప్రకరణమున మనువు, పశువధకు అనుమతించువాడు, అంగములు ఖండించువాడు, చంపువాడు, కొనువాడు, అమ్మువాడు, వండువాడు, వడ్డించువాడు, తినువాడు, ఈ ఎనమండుగురును ఘాతకులే యని తీర్పు చెప్పెను. కత్తి పట్టినవానికిని గరిటె పట్టినవానికిని అక్కడ భేదము లేదు. ఆ మనువే రాజధర్మములకు వచ్చునప్పటికి, దుర్గము ఆయుధములతోను ధనముతోను ధాన్యముతోను వాహనములతోను యంత్రములతోను గడ్డితోను నీటితోను నిండియుండవలయునని విధించి, నింపినవానికి ఘాతకత్వమున పాలు కలదని మాటమాత్రమైనను అనలేదు. మేకకొక న్యాయము, మనుష్యునికొక న్యాయమా యని అడుగబుద్ధియగును. బుద్ధభగవానుడు ఇంత సందిగ్ధమునకు చోటియ్యలేదు. ఉపాసకుడు చేయరాని ఐదు వర్తకములలో ఆయుధవర్తకమును మొదట నిలిపి, ప్రాణులు, మాంసము, మద్యము, విషము అనువానిని దాని వెనుక చేర్చెను. జైనులు మరియొక యడుగు ముందునకు వేసి, గృహస్థుడు విడువవలసిన అనర్థదండములలో హింసాదానమును చేర్చి, గొడ్డలి, కత్తి, నిప్పు, విషము, సంకెల మొదలగు హింసాసాధనములను ఒరులకిచ్చుటయే దోషమనిరి. అట్లనియు, శ్రవణబెళగొళమున గోమఠేశ్వరుని నిలిపిన చాముండరాయడు గంగరాజుల సేనాపతి యగుట మరువరాదు. ఏ మతమునందైనను సూత్రమునకును సేనకును ఇట్టి రాజీ ఒకటి ఎక్కడనో కుదురుచునే యున్నది.

ఆ రాజీని ఒప్పుకొననివాడు, తాను ఆ రాజీలో జీవించియు దానిని దాచుకొననివాడు గాంధీ మహాత్ముడు. 1899లో బోయరు యుద్ధమున సుమారు 1,100 మందితో క్షతగాత్రులను మోయు దళమును గూర్చినవాడు, 1914లో లండనునందు అట్టిదానినే తలపెట్టినవాడు, 1918లో ఖేడా జిల్లాలో సైనికులను చేర్చుటకు కాలినడకను ఊరూర తిరిగినవాడు, తన ఆత్మకథయందు ఈ సేవలకు అహింసాదృష్టితో సమర్థన వెదకుచు, తుపాకి పట్టినవానికిని, గాయపడినవానికి కట్టుకట్టినవానికిని తాను భేదము చూడజాలనని ఒప్పుకొనెను. దొంగలముఠాకు మూటలు మోసినవాడు, కావలి కాచినవాడు, వారి గాయములకు శుశ్రూష చేసినవాడు దొంగతనమున భాగస్వామియే కదా యని ఆయన వాదము. ఈ న్యాయము కఠినమైనది. నాకు తెలిసినంతవరకు దీనిని ఖండించినవారు లేరు, తప్పించుకొన్నవారే కలరు. చంపినవానికిని నాకును నూరుక్రోసుల దూరమున్నది గదా యను సాకు దీనియెదుట నిలువదు.

నేను ఇంకొక మాట చేర్చుదును. దూరముగా నున్నవాడు నేరమున చిన్నపాలు గలవాడను భావనయే భారతకథకు విరుద్ధము. మద్రరాజగు శల్యుడు నకులసహదేవులకు మేనమామ. పాండవపక్షమున పోరుటకే సేనతో బయలుదేరెను. దారిపొడవున రమ్యములైన విడుదులు, భోజనశాలలు, బావులు, పరిచారకులు ఎదురుకాగా, ఇది ధర్మరాజు చేయించిన ఏర్పాటే యని భ్రమించి, వీనిని సమకూర్చినవారిని పిలువుడు, కోరినది ఇత్తునని పలికెను. చాటున నున్న దుర్యోధనుడు ముందునకు వచ్చి నిలిచెను. అన్నము తిన్న నోటితో అన్నమాట వెనుకకు తీసికొనలేక శల్యుడు కౌరవసేనలో చేరెను. ఇక యుద్ధారంభమున ధర్మరాజు నిరాయుధుడై పాదచారియై శత్రుసేనలోనికి వచ్చి నమస్కరించినపుడు, భీష్మద్రోణకృపశల్యులు నలువురును చెప్పిన సమాధానము ఒక్కటియే: మనుష్యుడు అర్థమునకు దాసుడు, కౌరవులు తమను అర్థముచేత కట్టివేసిరని. ధర్మమునకు ప్రమాణమని లోకము నమ్మిన పితామహుడే ఆ మాట అన్న పిమ్మట, భుక్తి పెట్టినవాడు ఖడ్గము పట్టినవానికంటె వెనుక నిలిచినవాడని యెట్లు చెప్పగలము? అతడు ఖడ్గమునే గాక, దానిని త్రిప్పు సంకల్పమును గూడ కొనియున్నాడు.

దక్కనుచరిత్రలో ఈ సత్యము తామ్రఫలకముమీదికే ఎక్కినది. మన తండాల లంబాడీల పూర్వులు, బంజారాలు, వేలకొలది పెరికెద్దులమీద ధాన్యము, ఉప్పు మోసికొని సేనల వెంట నడచెడివారు. మొగలాయిలకును, మరాఠాలకును, పిదప ఇంగ్లీషువారికిని ఈ యెద్దులు లేక అడుగు సాగెడిది కాదు. ఇంగ్లీషు సేనాపతి కారన్‌వాలిసు 1791 మే నెలలో శ్రీరంగపట్టణపు చేరువవరకు వచ్చియు, పశువులు చచ్చి ధాన్యము తరిగిపోగా, తన పెద్దఫిరంగులను తానే పగులగొట్టించి వెనుదిరుగవలసి వచ్చెను. షాజహాను దక్కనుమీదికి దండు నడపిన కాలమున, 1630 ప్రాంతమున, అతని మంత్రి ఆసఫ్‌ఖాను భంగీ ఝంగీ యను బంజారా నాయకులకు బంగారుటక్షరములతో ఒక రాగిరేకు వ్రాయించి యిచ్చెనని ప్రసిద్ధి. తమ సేనాశ్వములు ఎచ్చటనుండునో అచ్చట వారి యెద్దులు నుండవలయును గావున, ఏ యింటి కడవనుండియైనను నీరును, ఏ కప్పునుండియైనను గడ్డియు తీసికొనుటకు హక్కును, దినమునకు మూడు హత్యలు మన్నింపును అందు దయచేయబడినవట. 1630 మొదలు మూడేండ్లు గుజరాతును దక్కనును ఘోరక్షామము పీడించిన కాలమున, ధాన్యపుబస్తాలతో సేనకై నడచు ఎద్దులబారునకు దారిలోని ఊరి జనము అడ్డుపడినచో ఏమగునో ఆ రేకు వ్రాయించినవాడు ఎరుగును. ఎరుగును గనుకనే ముందుగా మన్నించెను. కత్తి పట్టిన సైనికునికిగూడ ఇట్టి పత్రమును ఏ రాజైనను వ్రాసియిచ్చినట్లు నేను చదివి యుండలేదు. హత్య జరుగకముందే దినమునకింత యని క్షమాపణ కొలిచి యిచ్చుట ఒక్క రస్తువారికే దక్కిన మర్యాద.

ఇంతవరకు ఇచ్చినవాని దోషమును గూర్చియే చెప్పితిని. గాంధీమహాత్ముని న్యాయమునకు అందని దొకటి కలదు. అది ఈయనివాని దోషము. 1854 నవంబరు 14న క్రిమియాతీరమున లేచిన గాలివాన బ్రిటిషుసేనకు చలిదుస్తులు తెచ్చిన ‘ప్రిన్స్’ నౌకను ముంచివేసెను. అది దైవకృతము, దానికి ఎవరిని తప్పుపట్టెదము? కాని ఆ చలికాలముననే సైనికులకు వేపని పచ్చికాఫీగింజలు పంచిపెట్టిరి. పచ్చిగింజలు తేమకు చెడవు గావున అట్లే యియ్యవలయునని నియమము, వేపుకొనుటకు వారికి కట్టెలు లేవు, పెనములు లేవు. స్కర్వీరోగముచేత చిగుళ్లు కుళ్లి మనుష్యులు చచ్చుచుండగా, ఆ రోగమునకు మందని అందరెరిగిన నిమ్మరసము 20,000 పౌనులు డిసెంబరు నెలలో బలాక్లావా రేవునకు చేరి, ఫిబ్రవరి వరకు కొట్టులోనే పడియుండెను. రసము వచ్చినదని సేనకు తెలుపుట తన పని కాదని కమిసేరియటు తలచెను. ఉన్నదని తెలియనిదే కోరుట ఎట్లని సేన తలచెను. విచారణకు వచ్చిన మెక్‌నీలు, టల్లకు అనువారి నివేదికయందు దొంగతనముకంటె ఇట్టి నియమపాలనయే ఎక్కువ కానవచ్చును. అధికారులు ధనము హరించు ఉపాయములు నలుబదింటిని లెక్కించిన కౌటిల్యునికిగూడ ఈ నలుబదియొకటవది తట్టలేదు. ఇందు హరించినది ఏమియు లేదు, లెక్క సరిగానే యున్నది.

ఇక్కడ గీతకు తిరిగి రావలసి యున్నది. ఫలాసక్తిని విడిచి, రాగద్వేషములు లేక కర్మ చేయుమని అర్జునునికి చెప్పుటకు కారణము, అతనిని కోపము, బంధుప్రీతి, జయకాంక్ష, పరాజయభీతి నాలుగువైపుల ముట్టడించి యుండుటయే. కొట్టులోని గుమాస్తాకు ఇవి యేవి? శత్రువుపై అతనికి ద్వేషము లేదు. శత్రువును అతడు చూచియే యుండలేదు. సైనికునిపై ప్రేమయు లేదు. సైనికుడు అతనికి చిట్టాలో ఒక పంక్తి. తూటా ఎవని రొమ్మున నాటునో, రొట్టె ఎవని కడుపు నింపునో యను తలంపు అతనిని బాధింపదు. అర్జునుడు పదునెనిమిది అధ్యాయములు విని సాధింపవలసిన నిస్సంగత్వము ఈతనికి ఉద్యోగములో చేరిన దినముననే సిద్ధించినది. నిమ్మరసపు పెట్టెలకు తాళము వేసికొని కూర్చున్నవాడు కామక్రోధములు లేకయే, స్వధర్మము దాటకయే కూర్చుండెను. వానిని స్థితప్రజ్ఞుడని ఒప్పుకొందుమా? ఒప్పుకొనమేని, ధనుర్ధరునికి చెప్పిన మందు కొట్టువానికి పనికిరాదని ఒప్పుకొనవలయును. విలుకాడు ఫలమును విడువవలయును. కొట్టువాడు ఫలమును విడువరాదు. తాను కొలిచి యిచ్చినది ఎక్కడికి పోవుచున్నదో, ఎవరికి చేరుచున్నదో, చేరనిచో ఏమగుచున్నదో తుదివరకు వెంటాడి చూచుటయే అతని ధర్మము. అతని విషయమున అసంగత్వమే పాపము. ఇది గీతను ధిక్కరించుట కాదు. అనుబంధమును, క్షయమును, హింసను, తన శక్తిని విచారింపక మోహముచేత ఆరంభించు కర్మ తామసమని పదునెనిమిదవ అధ్యాయమున ఆ భగవానుడే చెప్పియున్నాడు. అర్జునుని తేరు చుట్టు మూగిన మనము ఆ మాటను అంతగా పట్టించుకొనలేదు.

కౌటిల్యుడు ఏ మోక్షమును ఉపదేశింపకున్నను ఈ చూపు అతనికి కలదు. ఆయుధములను మాటిమాటికి తావు మార్చి ఎండకును గాలికిని పెట్టవలయుననియు, వేడిమి, చెమ్మ, పురుగు సోకు వస్తువులను వేరు విధమున భద్రపరుపవలయుననియు ఆయుధాగారాధ్యక్షునికి చెప్పిన నియమములు నేడు సికింద్రాబాదున సేనాసామగ్రిశాఖవారు కొత్తవారికి నేర్పు పాఠములకు దూరమైనవి కావు. కాని నన్ను ఆకర్షించినది ధాన్యాగారమునుగూర్చిన విధి: వచ్చినదానిలో సగము జానపదుల ఆపత్కాలమునకై తీసి యుంచి, తక్కిన సగమునే వినియోగించి, పాతదానిని కొత్తదానితో మార్చుచుండవలయును. సేననుగూర్చియు కోశమునుగూర్చియు అంత నిర్దయగా ఆలోచించినవాడు, సగము కొట్టును ఊరివారి ఆకలికి వ్రాసియిచ్చెను.

1942లో వంగదేశమున ఆ సగమును తలచినవారు లేరు. రంగూను పడిపోయెను, మన విశాఖపట్టణము, కాకినాడలమీద బాంబులు పడిన యేప్రిలు మాసముననే, జపానువారు వంగతీరమున దిగుదురను భయముతో, శత్రువునకు అందకుండ చేయుటకై తీరపు జిల్లాలలో మిగులుబియ్యమును తరలింపజేసిరి, పదిమంది పట్టు పడవలను, నలుబదివేలకు పైగా, స్వాధీనము చేసికొనుటయో ముంచివేయుటయో జరిగెను. పడవయే ఎద్దును బండియు అయిన డెల్టాలో చేపలు పట్టువారికి చేపలు పోయెను, లంకభూములు దున్నువారికి దారి పోయెను, సంతలకు సరకు పోయెను. మరుసటియేట వచ్చిన కరవునకు ఇదొక్కటియే కారణమనుట న్యాయము కాదు; తుపాను, ధరలపెరుగుదల, బర్మాబియ్యము రాకపోవుట, పాలకుల యుపేక్ష, సేనకును కలకత్తా కర్మాగారములకును ముందుగా అన్నము కేటాయించుట, అన్నియు కలసినవి. ప్రభుత్వవిచారణసంఘము చచ్చినవారు 15 లక్షలనెను. తరువాతివారు 30 లక్షలవరకు చెప్పిరి. వీరిలో ఒక్కనినైనను ద్వేషించి చంపినవాడు లేడు. పడవల పట్టికను సరిచూచి సంతకము చేసిన యుద్యోగి సాయంకాలము నెమ్మదిగా ఇంటికి పోయి భోజనము చేసియుండును. ఆ పట్టిక చివర, ఈ పడవలు నడపువారు రేపు ఏమి తిందురను ఒక వరుస వ్రాసి పైకి పంపినచో, అతడు తన ధర్మమును చేసినవాడగునని నా తాత్పర్యము. పైవారు దానిని చదివెడివారో, త్రోసివేసెడివారో, అది వారి పాపము.

దీనికొక ఆక్షేపణ రాగలదు, అది బలమైనదే. ఫలమును తుదివరకు చూచువాడు రొట్టెను, కట్టుగుడ్డను ఇయ్యగలడుగాని తూటాను ఇయ్యజాలడే; ప్రతిపెట్టెలోను శవమును చూచినచో కొట్టు మూతపడదా? మూతపడవచ్చును. బలరాముడు ఏ పక్షమునకును తోడుపడక తీర్థయాత్రకు పోయెను, అట్టివారు కొందరుందురు. తక్కినవారు చూచియు ఇత్తురు. చూడక యిచ్చుటకును చూచి యిచ్చుటకును చచ్చువాని దృష్టిలో భేదము లేదుగాని, మరునాటి ఇండెంటులో భేదముండును. అక్కరలేని తూటా అడుగువానిని ప్రశ్నించు నోరు చూచినవానికే యుండును. రాజ్యములు ఈ నోటికి జంకియే కాబోలు, కొనువాడొకడు, దాచువాడొకడు, పంపువాడొకడు, పేల్చువాడొకడుగా పనిని ముక్కలుచేసి, ఏ ఒక్కనికిని తుదమొదలు కనబడకుండ కట్టుదిట్టము చేసినవి.

అజ్ఞాతవాసమునకు ముందు పాండవులు తమ ఆయుధములను జమ్మిచెట్టుమీద కట్టి దాచిరి. ఎవరును దగ్గరకు రాకుండుటకు ఒక శవమును గూడ ఆ కొమ్మకు వ్రేలాడగట్టి, ఇది నూటయెనుబదియేండ్ల మా తల్లి, మా కులాచారము ఇట్టిదని పసులకాపరులతో చెప్పుచు పోయిరి. సత్యవ్రతుడగు ధర్మరాజుండగనే ఆ ఆయుధాగారపు పద్దు అబద్ధముతో మొదలయ్యెను. ఏడాది గడచి, ఉత్తరగోగ్రహణవేళ, బృహన్నలవేషమున నున్న అర్జునుడు రాకుమారుడైన ఉత్తరుని చెట్టెక్కి విండ్లను దింపుమనగా, ఆ బాలుడు, దీనికి శవము కట్టియున్నదని విందుము, రాజపుత్రుడనగు నేను దానిని తాకి అశుచిని ఎట్లగుదునని వెనుదీసెను. అవి ధనుస్సులేగాని శవములు కావు, భయపడకుమని అర్జునుడు చెప్పెను. మన ఇతిహాసమున ఆయుధమును చేతికందించు పని చేసినవారిలో, అందించుటకు ముందు అక్కడ శవమున్నదని చెప్పినవాడు నాకు తెలిసినంతలో ఉత్తరుడొక్కడే. దసరానాడు జమ్మిచెట్టుకడ మనము అర్జునుని తలచుకొందుము, ఇతనిని తలచుకొనము. అతడు చెట్టెక్కి కట్లు విప్పి విండ్లను క్రిందికి దింపెను; ఆ దినము సారథ్యమును గూడ చేసెను; పిదప కురుక్షేత్రమున మొదటినాడే, భోజనశాలలకు లోబడి పక్షము మారిన ఆ శల్యుని చేతిశక్తికి కూలిపోయెను.